పరిమిత బడ్జెట్‌లో వేటవిల్లుకు రిలీజ్ ఎంచుకోవడం: ఒక బకిల్, ఒక స్క్రూ, ఒక తాడుముక్క

రిలీజ్, అంటే విల్లు నారిని వేళ్లకు బదులుగా పట్టుకుని వదిలే చిన్న పరికరం, కొన్న వారం తిరగకముందే నా పిడికిలితో నా గడ్డాన్ని నేనే గుద్దుకున్నాను. 60 పౌండ్ల బలంతో లాగవలసిన కాంపౌండ్ విల్లును, అంటే కొసల్లో చక్రాలున్న విల్లును, సగం దాకా లాగానో లేదో, ట్రిగ్గర్ మీద ఆనించి ఉంచిన చూపుడువేలు నాకు తెలియకుండానే దాన్ని నొక్కేసింది. బాణం గురిపలకకు చాలా ముందే గడ్డిలో దిగబడింది. నారిని వెనక్కి లాగుతున్న చెయ్యి, పట్టుకున్న బరువు ఒక్కసారిగా మాయమవడంతో, అదే ఊపులో వచ్చి దవడ కింద తగిలింది. ఆ తప్పులో సగం నాది. విల్లు లాగేటప్పుడు వేలు ట్రిగ్గర్ వెనుక ఉండాలే తప్ప దాని మీద ఉండకూడదన్న మొదటి పాఠమే నేను నేర్చుకోలేదు. మిగిలిన సగం ఆ పరికరానిది. దాని ట్రిగ్గర్ ఈక తగిలినా విడిపోయేంత తేలికగా ఉండేది, దాన్ని బిగించుకోవడానికి ఒక్క స్క్రూ కూడా ఉండేది కాదు. మెరిసే రంగు, ఒరుసుకోని మెత్తటి పట్టీ, అందమైన పెట్టె మాత్రం ఉండేవి. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు గడ్డం తడుముకుంటూ అర్థం చేసుకున్నాను.

ఆ తర్వాత కొన్ని సీజన్లలో నాలుగు రకాల రిలీజ్‌లు వాడాను. కొన్ని కొన్నవి, కొన్ని తోటి వేటగాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నవి. వేటకు చట్టం అనుమతి ఉన్నచోట, లైసెన్సు తీసుకుని, విల్లుతో జింక వేటకు సిద్ధమవుతూ, విల్లుకూ బాణాలకూ ఉన్న డబ్బంతా పెట్టేసి చివరికి రిలీజ్ దగ్గర జేబు తడుముకునే వారి కోసం ఇది రాస్తున్నాను. ఆ పరిస్థితి నాకు బాగా తెలుసు. విల్లు కొనేటప్పుడు నెలల తరబడి ఆలోచించిన మనిషే, ఆ విల్లుకూ తన చేతికీ మధ్య ఉండే ఏకైక వస్తువును రెండు నిమిషాల్లో ఎంచుకుంటాడు.

అసలు వేళ్లతోనే లాగితే ఏమవుతుందని కొత్తవారు అడుగుతారు. కాంపౌండ్ విల్లుకు 1969లో అమెరికాలో హోలెస్ విల్బర్ ఆలెన్ పేరిట పేటెంటు వచ్చింది. తొలిరోజుల్లో ఆ విళ్లు పొడవుగా ఉండేవి, చాలామంది వాటిని వేళ్లతోనే లాగేవారు. ఇప్పటి వేటవిళ్లు పొట్టివి. ఒక చక్రపు ఇరుసు నుంచి మరో చక్రపు ఇరుసుకు 30 నుంచి 33 అంగుళాలు మాత్రమే ఉండే విల్లును పూర్తిగా లాగితే నారి కొసదేరిన కోణంలో ముడుచుకుని వేళ్లను కత్తెరలా నొక్కుతుంది. పైగా వేళ్ల మీదుగా జారే నారి నేరుగా ముందుకు పోదు. వేళ్లను చుట్టుకుని పక్కకు తొణికి పోతుంది, ఆ తొణుకు బాణానికి అంటుకుంటుంది, ప్రతిసారీ ఒకేలా ఉండదు. రిలీజ్ చేసే పనల్లా ఆ తొణుకును దాదాపుగా తీసేయడమే. నారికి వెనుకవైపు కట్టిన చిన్న తాడు ఉచ్చును, అంటే డి-లూప్‌ను, ఒకే బిందువు దగ్గర పట్టుకుంటుంది, ఒకే విధంగా వదులుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మొఘలులు, తురుష్కులు, మంగోలులు, చైనీయులు బొటనవేలికి ఉంగరం తొడిగి, దాని అంచు మీదుగా నారిని జార్చేవారు. షాజహాన్ బిరుదు చెక్కిన జేడ్ రాతి ఉంగరం ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఏకలవ్యుడి గురుదక్షిణ ఎందుకంత ఘోరమైనదో, బొటనవేలితో నొక్కే రిలీజ్ పట్టుకున్న ప్రతిసారీ నాకు మరోసారి అర్థమవుతుంది.

బడ్జెట్ లెక్క వేసుకునే ముందు బరువుల లెక్క చూడాలి. 60 పౌండ్ల విల్లుకు 80 శాతం లెటాఫ్ ఉంటే, అంటే లాగుడు చివర్లో చక్రాలు అంత బరువు తగ్గిస్తే, పూర్తిగా లాగి పట్టుకున్నాక చేతి మీద ఉండే బరువు 12 పౌండ్లే. కానీ అక్కడికి చేరేలోగా ఆ 60 పౌండ్లూ లూప్‌ను పట్టుకునే రిలీజ్ దవడల మీదుగా, పట్టీ మీదుగా, మణికట్టు మీదుగా పోతాయి. మధ్యలో దవడ తెరుచుకున్నా, పట్టీ ఊడినా బాణం ఎటు పోతుందో చెప్పలేం. బాణం సరిగ్గా సంధించి లేకపోతే అది ఖాళీ నారి విడిచినట్టే అవుతుంది, విల్లు కొమ్మలూ చక్రాలూ దెబ్బతింటాయి. కాబట్టి దవడలను మూసి ఉంచే యంత్రాంగంలోనూ, పట్టీని కట్టి ఉంచే బిగింపులోనూ పొదుపు చేయకూడదు. రంగులో, పేరులో, అదనపు భాగాల్లో, కొత్త మోడల్ అన్న మోజులో ఎంతైనా పొదుపు చేయవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దాని వివరమే.

రిలీజ్‌లలో ప్రధానంగా నాలుగు రకాలున్నాయి. మణికట్టుకు పట్టీ కట్టుకుని చూపుడువేలితో ట్రిగ్గర్ నొక్కేది ఒకటి. చేతిలో పట్టుకుని బొటనవేలితో మీట నొక్కేది రెండోది. మీటే లేకుండా, పిడిని కొద్దికొద్దిగా తిప్పుతుంటే తెరుచుకునే హింజ్ మూడోది. లాగుడు బలం ముందే పెట్టుకున్న హద్దు దాటగానే దానంతట అదే వదిలేది నాలుగోది. చివరి రెండూ అభ్యాసానికి గొప్ప గురువులు, వేటలో మొదటి పరికరంగా మాత్రం పనికిరావు. జింక మూడడుగులు వేసి ఆగిన ఆ రెండు క్షణాల్లో బాణం వదలాలన్నప్పుడు, పిడి ఎంత తిరిగితే విడిపోతుందో చూసుకుంటూ కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. హింజ్‌ను లాగేటప్పుడు వేళ్ల మీద బరువు కాస్త అటూ ఇటూ అయితే సగం లాగుడులోనే విడిపోయి నా గడ్డానికి జరిగిన సత్కారం మరొకరి పళ్లకు జరుగుతుంది. వాటిని ఏళ్ల తరబడి వాడి వేటలో కూడా హాయిగా ఉపయోగించేవాళ్లు ఉన్నారు, వాళ్లకు ఈ వ్యాసం అవసరం లేదు.

కాబట్టి అసలు పోటీ చూపుడువేలికీ బొటనవేలికీ మధ్యే. బొటనవేలి రిలీజ్ మీద నాకు గౌరవం ఉంది. పిడికిలి మెటికలు దవడ ఎముకకు రెండు వైపులా చక్కగా ఆనుతాయి, అందుచేత యాంకర్ పాయింట్, అంటే పూర్తిగా లాగాక చెయ్యి ముఖానికి ఆనే చోటు, ప్రతిసారీ ఒకే చోట కుదురుతుంది. మీట మీద బొటనవేలిని చుట్టి వీపు కండరాలతో లాగితే విడుదల చాలా మెత్తగా వస్తుంది. మంచె మీద కూర్చున్నప్పుడు దాన్ని డి-లూప్‌కే తగిలించి వదిలేసి చేతులు జేబులో పెట్టుకోవచ్చు. కానీ పరిమిత బడ్జెట్‌కు అది మూడు కారణాల వల్ల సరిపడదు. చవక రకాల్లో మీట లోపలి అంచులు గరుకుగా ఉండి, నొక్కుతుంటే ఇసుకలో జరిగినట్టు జరుగుతుంది, నున్నగా జరిగేది కావాలంటే ధర ఒక్కసారిగా పైకి పోతుంది. చేతి పరిమాణానికి తగ్గ సైజు చూసుకోవాలి, పెద్దదైతే వేళ్లు చాచి పట్టుకోవలసి వచ్చి చెయ్యి బిగుసుకుంటుంది. మూడోది, అది మన ఒంటికి కట్టి ఉండదు. మంచె మీద నుంచి చేయి జారితే కింద ఆకుల్లో పడుతుంది, ఆ సాయంత్రానికి వేట ముగిసినట్టే. చలికాలంలో ఒట్టి లోహాన్ని పిడికిట్లో పట్టుకుని గంటసేపు కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

మణికట్టు పట్టీ రిలీజ్‌లో ఈ చిక్కులు లేవు. చీకటితోనే కట్టుకుంటే మళ్లీ విప్పేదాకా చేతినే అంటిపెట్టుకుని ఉంటుంది. లాగుడు బరువంతా మణికట్టు ఎముకల మీద పడుతుంది కనుక వేళ్లూ అరచెయ్యీ వదులుగా ఉంటాయి, బలం తక్కువ ఉన్నవారు కూడా తమ విల్లును తేలికగా లాగగలుగుతారు. యంత్రాంగం సులువైనది, ఏళ్లుగా లెక్కలేనన్ని తయారవుతున్నది, అందువల్ల మధ్యస్థ ధరకే చక్కటి ట్రిగ్గర్ దొరుకుతుంది. ఒకే మొత్తం పెడితే చూపుడువేలి రిలీజ్‌లో వచ్చే నాణ్యత బొటనవేలి రిలీజ్‌లో రాదని నా అనుభవం. గురిపోటీల్లో గెలిచేవారి చేతుల్లో బొటనవేలి రిలీజ్‌లూ హింజ్‌లూ చూసి, అదే నిపుణుల మార్గమని కొత్తవారు అటు పరుగెత్తుతారు. పోటీలో గురిపలక ఎక్కడికీ పారిపోదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక ట్రిగ్గర్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే డబ్బు పెట్టవలసింది ఇక్కడే. ట్రిగ్గర్ లోపల రెండు చిన్న ఉక్కు అంచులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. వేలు నొక్కుతున్నకొద్దీ ఒకటి రెండోదాని మీద నుంచి జారుతుంది, పూర్తిగా జారిన క్షణంలో దవడ తెరుచుకుంటుంది. ఆ అంచులు ఎంత మేర ఆనుకుని ఉన్నాయో అదే ట్రిగ్గర్ ప్రయాణం. ప్రయాణం ఎక్కువైతే వేలు పాకుతున్నట్టు, ఎప్పుడు విడిపోతుందో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఆ ఎదురుచూపులోనే మనసు తొందరపడి వేలితో ఒక్క గుద్దు గుద్దిస్తుంది. ప్రయాణం మరీ తక్కువైతే చలికి మొద్దుబారిన వేలు తగిలితే చాలు విడిపోతుంది. ట్రిగ్గర్ గట్టిదనం ఇంకో సంగతి. అది నొక్కడానికి కావలసిన బలం, లోపలి స్ప్రింగు మీదా నారి లాగుడు మీదా ఆధారపడుతుంది. ఈ రెండూ వేరువేరని తెలియక చాలామంది గట్టిగా ఉన్న ట్రిగ్గర్‌ను చెడ్డ ట్రిగ్గర్ అనుకుంటారు. వేటకు కావలసింది ప్రయాణం తక్కువగా, గట్టిదనం కాస్త ఎక్కువగా ఉండే ట్రిగ్గర్. వేలు దాని మీద నిశ్చింతగా ఆనించి గురి చూసుకోగలగాలి, కదలిక కనబడకుండా గాజుపుల్ల విరిగినట్టు తెగాలి, అంటే విడిపోవాలి. అందుకే నేను దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ట్రిగ్గర్ ప్రయాణం సరిచేసే స్క్రూ ఉందా? ఆ చిన్న స్క్రూ లేని రిలీజ్ ఎంత చవకైనా నేను ముట్టుకోను.

స్క్రూ తిప్పేటప్పుడు ఒక జాగ్రత్త. పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పవద్దు, ప్రతి పావు చుట్టుకూ విల్లు మీద కాకుండా తాడు మీద పరీక్షించాలి. ఆ తాడు సంగతికి కాసేపట్లో వస్తాను. తొలిసారి నేను స్క్రూను ఉత్సాహంగా రెండు చుట్లు తిప్పేసరికి అంచులు ఆనుకోవడమే మానేశాయి, దవడ ఎంత మూసినా మూసుకోలేదు. పాడుచేశానని కంగారుపడి మళ్లీ వెనక్కి తిప్పితే గానీ బాగుపడలేదు.

దీని తర్వాతి స్థానం పట్టీది. వెల్క్రో పట్టీ, బకిల్ పట్టీ అని రెండు రకాలు దొరుకుతాయి. తేడా కొద్దిగానే కనబడుతుంది గనుక చవకైన వెల్క్రో వైపు చెయ్యి పోతుంది. నా రెండో రిలీజ్ అలాంటిదే. ఒక సాయంత్రం మంచె మీద ఉన్నాను, ఎండ తగ్గి చలి మొదలైతే లోపలి చొక్కా మీద దళసరి జాకెట్టు తొడిగాను. జాకెట్టు చెయ్యి పట్టీ కింద ఇరుక్కుని ముడతపడింది. చూద్దును కదా, ఎడమ వైపు పొదల అంచున 25 గజాల దూరంలో ఒక లేడి తలవంచి మేస్తోంది. పట్టీ కొంచెం వదులు చేసుకుందామని కొస పట్టుకుని లాగాను. ఆ నిశ్శబ్దంలో వెల్క్రో చేసిన చప్పుడు పాత దుప్పటి చింపినట్టు వినిపించింది. లేడి తల ఎత్తింది, రెండు చెవులూ నా వైపు తిరిగాయి, ముందు కాలితో నేలను ఒకసారి తట్టింది. మరుక్షణం తెల్లని తోక ఒక్కటే కనబడింది. ఆ తర్వాత చీకటి పడేదాకా మంచె మీద కూర్చుని నేను చేసిన పని, ఆ పట్టీని తిట్టుకోవడం.

చప్పుడు కంటే పెద్ద లోపం వెల్క్రోలో మరొకటి ఉంది. దాన్ని ప్రతిసారీ ఒకే బిగువుతో కట్టడం సాధ్యం కాదు. ఈరోజు కాస్త బిగించి, రేపు కాస్త వదులుగా కడితే, రిలీజ్ తల చేతి నుంచి దూరం జరుగుతుంది లేదా దగ్గరవుతుంది. అర అంగుళం జరిగినా పూర్తి లాగుడులో చెయ్యి దవడకు ఆనే చోటు మారుతుంది, నారిలో ఇమిడ్చిన చిన్న చూపురంధ్రంలో, అంటే పీప్ సైట్‌లో, కన్ను కుదిరే తీరు మారుతుంది, వేలు ట్రిగ్గర్‌ను పట్టే చోటు మారుతుంది. గురి తప్పిందని విల్లును అనుమానిస్తాం, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు బాణాలనూ అనుమానిస్తాం. బకిల్ పట్టీకి రంధ్రాలుంటాయి. మూడో రంధ్రం అంటే ఎప్పుడూ మూడో రంధ్రమే. జాకెట్టు మీద కట్టుకునే రోజుకు నాలుగోది, చొక్కా మీద కట్టుకునే రోజుకు మూడోది అని ముందే పెట్టుకుంటే చాలు. చప్పుడూ లేదు, ఊహాగానమూ లేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకే రిలీజ్‌ను పంచుకోవలసి వస్తే మాత్రం వెల్క్రోకు అర్థముంది, అదీ అభ్యాసం వరకే.

పట్టీకీ తలకూ మధ్య ఉండే కాడ కూడా చూడాలి, ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కరలేదు. నైలాన్ పట్టీతో కలిపినవి మెత్తగా మడత పడతాయి, చేతి కోణాన్ని అనుసరిస్తాయి, పొడవు సరిచేయడం కొంచెం కష్టం. లోహపు కాడ ఉన్నవాటిలో మరను తిప్పి పొడవును కచ్చితంగా పెట్టుకోవచ్చు, అయితే నిచ్చెన ఎక్కేటప్పుడు ఆ కాడ ప్రతి మెట్టుకూ తగిలి టంగుమంటుంది. వెనక్కి మడిచి పట్టీలో దోపుకునే వీలున్న కాడ అయితే ఆ గొడవ ఉండదు. ఏ రకమైనా పొడవు మార్చుకునే వీలు తప్పనిసరి.

పొడవు ఎంత ఉండాలన్నది ఇలా తెలుసుకోవచ్చు. చేతిని వదులుగా ఉంచి రిలీజ్‌ను లూప్‌కు తగిలించి కాస్త లాగినప్పుడు, చూపుడువేలి రెండో కణుపు దగ్గర ట్రిగ్గర్ కూర్చోవాలి, కనీసం మొదటి కణుపు దగ్గరైనా ఉండాలి. వేలికొస మాత్రమే అందుతోందంటే కాడ పొడవెక్కువైనట్టే. వేలికొస చాలా చురుకైనది, ఉత్తరం మీద ముద్ర గుద్దినట్టు ట్రిగ్గర్‌ను గుద్దుతుంది. వంచిన వేలి మధ్యభాగానికి అంత తెలివి లేదు, అదే మనకు మేలు. వేలిని కొక్కెంలా వంచి అలాగే ఉంచి మోచేతిని వెనక్కి జరుపుతూ పోతే, నొక్కామన్న స్పృహ లేకుండానే బాణం వెళ్లిపోతుంది. దుకాణాల్లో రిలీజ్‌లను పొడవుగా ఉన్న స్థితిలోనే పెట్టి ఇస్తారు, కొన్నవారిలో సగానికి పైగా దాన్ని ఎప్పటికీ మార్చరని నా చుట్టూ ఉన్నవారిని చూసి అనిపిస్తుంది. పైసా ఖర్చు లేని మెరుగుదల ఇది.

లూప్‌ను పట్టుకునే భాగం రెండు దవడలతో ఉండవచ్చు, ఒకటి కదిలే ఒంటి దవడతో ఉండవచ్చు, తెరిచి ఉన్న కొక్కెం రూపంలో ఉండవచ్చు. రెండు దవడలవి లూప్ చుట్టూ పూర్తిగా మూసుకుంటాయి, అందువల్ల కొత్తవారికి ధైర్యంగా ఉంటుంది. కొక్కెం ఉన్నదైతే కళ్లు జంతువు మీద నుంచి తిప్పకుండా, తడిమి చూసుకుని తగిలించవచ్చు, ఇది వేటలో పెద్ద సౌకర్యం. ట్రిగ్గర్ తలకు దగ్గరగా ఉండే కొక్కెం రకాల్లో లాగుడు పొడవు కూడా కొద్దిగా కలిసివస్తుంది. స్పాట్ హాగ్ వారి వైజ్ గై ఈ తరహాకు పేరున్న నమూనా. చవకలో దొరికే రెండు దవడల రిలీజ్‌తో కూడా జింకలు పడతాయి. దవడల అంచు నున్నగా ఉంటే చాలు, ఏ రకమన్నది రెండో మాట.

ఆ నునుపును తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది, వాడిన రిలీజ్ కొనేవారికి ఇది ముఖ్యం. చిటికెడు దూదిని ఉండలా చేసి దవడల లోపలి అంచుల మీద, లూప్ ఆనే చోట మెల్లగా రుద్దాలి. దూది పోగు ఎక్కడైనా పట్టుకుని నిలిచిందంటే అక్కడ లోహానికి గరుకు ఉన్నట్టే, ఆ గరుకు డి-లూప్‌ను రోజుకో పోగు చొప్పున కోసేస్తుంది. నేను వాడిన ఒక రిలీజ్ మూడు వారాల్లో లూప్‌ను గడ్డం మొలిచినట్టు చేసింది. దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, మధ్యలో సందు కనబడుతోందేమో చూడాలి. ట్రిగ్గర్‌ను ముట్టుకోకుండా, మూసిన తలను అరచేతి మీద నాలుగైదుసార్లు తట్టి, తెరుచుకుంటోందేమో చూడాలి. పట్టీ కుట్లు, బకిల్ ముల్లు, రంధ్రాల అంచులు చూడాలి. ఇవన్నీ బాగుంటే వాడినదాన్ని కొనడానికి నేను వెనకాడను. బొటనవేలి రిలీజ్‌కు మారిపోతూ తమ పాత మణికట్టు రిలీజ్‌ను తక్కువకు ఇచ్చేవారు ఎప్పుడూ ఉంటారు, మంచి తయారీ సంస్థల ఉక్కు కొన్ని సీజన్లకే అరిగిపోదు.

ఇప్పుడు తాడు సంగతి. లూప్‌కు వాడే సన్నని గట్టి తాడు గానీ, అంత బలమున్న మరేదైనా తాడు గానీ తీసుకుని, దాని రెండు కొసలూ ముడివేసి ఒక పెద్ద వలయం చేయాలి. ఆ వలయాన్ని విల్లు పట్టే చేతి బొటనవేలి సందులో ఇరికించి, రెండో కొసకు రిలీజ్ తగిలించి లాగితే, మీ చెయ్యి సరిగ్గా యాంకర్ పాయింట్‌కు వచ్చేంత పొడవు ఉండాలి. ఇంతే పరికరం. దీని మీద ట్రిగ్గర్ తెగినప్పుడు విల్లుకు హాని లేదు, బాణం పోదు, పక్కవారికి ప్రమాదం లేదు. కొనేముందు రిలీజ్‌ను పరీక్షించడానికీ, స్క్రూ తిప్పాక సరిచూడడానికీ, వానరోజుల్లో గదిలో నిలబడి అభ్యాసం చేయడానికీ ఇదొక్కటే చాలు. తాడు ఇంకో నిజం కూడా బయటపెడుతుంది. ట్రిగ్గర్ తెగగానే లాగుతున్న చెయ్యి వీపు బలంతో వెనక్కి జారితే మీరు సరిగా వదిలారు. చెయ్యి ఉన్నచోటే ఉండి వేలు మాత్రం ఎగిరిందంటే గుద్దారు. అద్దం ముందు నిలబడి నేను మొదటిసారి చూసుకున్నప్పుడు పదిలో తొమ్మిది గుద్దులే. గురిచుక్క మధ్యకు రాగానే వేలు తనంతట తాను బిగుసుకుపోయే ఆ జబ్బును టార్గెట్ పానిక్ అంటారు. దానికి మందు ఖరీదైన రిలీజ్ అని నమ్మి డబ్బు పోసినవారిని చూశాను. వారిలో కొందరికి కొత్త రిలీజ్‌తో నెల రోజులు బాగానే ఉంటుంది, వేలు దానికీ అలవాటు పడ్డాక కథ మొదటికి వస్తుంది. హింజ్ గానీ లాగుడు బలంతో వదిలే రకం గానీ అభ్యాసానికి అరువు దొరికితే తెచ్చుకుని వాడండి. దొరకకపోతే తాడు మీద రోజుకు ఇరవైసార్లు, కళ్లు మూసుకుని, గురి అన్న ఆలోచనే లేకుండా వదలడం అలవాటు చేసుకోండి. నాకు పనిచేసింది అదే.

చేతి తొడుగులు వేసుకుని పరీక్షించకుండా రిలీజ్ కొనవద్దు. దుకాణంలో ఒట్టి వేలితో హాయిగా ఉన్న ట్రిగ్గర్ సందు, తొడుగు వేసిన వేలికి చాలకపోవచ్చు. తొడుగు మందం ముందే తగిలి ట్రిగ్గర్ విడిపోవచ్చు. నేను చూపుడువేలి దగ్గర మాత్రం పలుచగా ఉండే తొడుగు వాడతాను, ట్రిగ్గర్‌ను దానికి సరిపడేలా ఒక పావు చుట్టు గట్టిగా పెట్టుకుంటాను, ఆ స్థితిలోనే వేసవి నుంచీ అభ్యాసం చేస్తాను. ఇంట్లో పులి, వీధిలో పిల్లి కాకూడదంటే అభ్యాసానికీ వేటకూ ఒకే బిగింపు ఉండాలి.

ఖర్చు లెక్కలో చాలామంది మరిచిపోయేది మార్పు ఖర్చు. ఒక రకం రిలీజ్ నుంచి మరో రకానికి మారితే చెయ్యి దవడకు ఆనే చోటు మారుతుంది. దాంతో డి-లూప్ పొడవు మార్చాలి, పీప్ సైట్ ఎత్తు సరిచూడాలి, అన్ని దూరాలకూ సైట్ మళ్లీ పెట్టుకోవాలి. ఇవి మీరే చేసుకోగలిగితే ఒక సాయంత్రం పోతుంది, లేకపోతే దుకాణానికి కూలీ ఇచ్చుకోవాలి. సీజన్‌కు రెండు వారాల ముందు రిలీజ్ మార్చడం కన్నా, ఉన్న నాసిరకం దానితోనే, దగ్గరి దూరాలకు పరిమితమై వేటాడడం మేలు. మార్చాలనుకుంటే సీజన్ ముగిసిన మర్నాడు మార్చండి.

నిర్వహణకు ఖర్చేమీ ఉండదు. తడిసినప్పుడు ఆరబెట్టాలి, లోపల నూనె పోయకూడదు, ఎందుకంటే నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, గట్టి చలిలో చిక్కబడుతుంది. అవసరమైతే పొడి గ్రాఫైట్ కొద్దిగా వేస్తే చాలు. సంచిలో దొర్లకుండా గుడ్డలో చుట్టి పెట్టాలి, దవడల మధ్య ఇసుక రేణువు ఇరుక్కుంటే అవి పూర్తిగా మూసుకోవు.

ఇంతా చేసి డబ్బు ఇంకా కొంచెం మిగిలితే, మంచి రిలీజ్‌ను ఇంకా మంచి రిలీజ్‌గా మార్చుకోవాలన్న ఆశను పక్కన పెట్టి, ఉన్నదాని లాంటిదే రెండోది కొనమంటాను. తోటివారు దీన్ని పిసినారి చాదస్తమని నవ్వుతారు. విల్లు విరిగితే కనబడుతుంది, బాణం పోతే ఇంకో బాణం ఉంటుంది, రిలీజ్ మరిచిపోతే మాత్రం చేతిలో ఉన్న విల్లంతా అలంకారమే. వేళ్లతో లాగుదామంటే సైట్లన్నీ తప్పుతాయి. వేరే రకాన్ని అదనంగా పెట్టుకుంటే దాని యాంకర్ వేరు, దాని ట్రిగ్గర్ వేరు. అదే మోడల్, అదే పొడవు, అదే స్క్రూ బిగింపు, అదే మూడో రంధ్రం అయితేనే రెండోది నిజంగా రెండోది అవుతుంది. నేను రెండింటికీ మూడో రంధ్రం పక్కన తెల్ల రంగు చుక్క పెట్టాను, రెండింటినీ వారానికొకటి చొప్పున మార్చి వాడతాను, అందుచేత అవి ఇంచుమించు ఒకేలా అరుగుతున్నాయి.

పోయిన సీజన్‌లో ఒక తెల్లవారుజామున మంచె ఎక్కి, విల్లును తాడుతో పైకి లాక్కుని, మణికట్టు తడుముకుంటే ఖాళీగా ఉంది. రిలీజ్ కారులో, సీటు మీద, నేను పెట్టిన చోటే ఉంది, కారు ముప్పావు గంట నడక దూరంలో ఉంది. సంచి అడుగు అరలో గుడ్డలో చుట్టిన రెండోదాన్ని తీసి, ఆ చీకట్లో చుక్కను వేలితో తడిమి, బకిల్ మూడో రంధ్రంలో పెట్టి బిగించుకున్నాను. చప్పుడు కాలేదు. ఆ ఉదయం జింక ఒక్కటీ రాలేదు గానీ, వచ్చి ఉంటే వదలడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.